వాల్వు మీద కట్టిన పోగు

కొందరికి కోపం ముక్కు మీద ఉంటుందంటారు. నా కోపం ముక్కు దాకా పోదు, చేతిలోనే ఉంటుంది. సంగతి ఏమిటో బుర్రకు తెలిసేలోపు చెయ్యి తన పని కానిచ్చేస్తుంది. సూరత్ వచ్చిన ఇన్నేళ్లలో ఇద్దరు సూపర్‌వైజర్ల కాలర్లు పట్టుకున్నాను. ఒక పాలవాణ్ణి కొట్టాను. మా గది తలుపును తన్నితే కింది పలక విరిగింది, అక్కడ ఇప్పటికీ రేకు ముక్క కొట్టి ఉంటుంది. వీటిలో దేనికీ నాకు నిద్ర పట్టని రోజు లేదు. నన్ను తినేస్తున్నది ఒకే ఒక్క సంగతి. అది గాలి నిలవని ఒక పాత మోటార్‌సైకిల్ చక్రం దగ్గర జరిగింది.

మేముండేది సూరత్ శివారు భేస్తాన్‌లో. రెండంతస్తుల బిల్డింగు, వరసగా ఒంటి గదులు, గదుల ముందు సన్నటి నడవ. బళ్లన్నీ ఆ నడవలోనే గోడకు ఆనించి పెట్టుకుంటాం. మాలో సగం మంది సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పనికి వచ్చినవాళ్లమే. నేను కారీగర్‌ని, అంటే మగ్గాలు నడిపేవాణ్ణి. పన్నెండు గంటలు ఎనిమిది మగ్గాల మధ్య తిరుగుతూ ఉంటాను. ఆ చప్పుడులో మామూలుగా మాట్లాడితే ఎవడికీ వినిపించదు కనుక అరవడం అలవాటవుతుంది. ఇంటికొచ్చినా అరుస్తాం. మగ్గంలో అడ్డపోగు మోసే షటిల్ ఎగిరొచ్చి పక్కవాడి దవడ పగలడం నేను రెండుసార్లు చూశాను. రెండుసార్లూ మగ్గాలు ఆగలేదు, మనిషిని పక్కకు లాగి పని చేసుకుపోయాం. మా నాన్న కూడా మగ్గం మనిషే, నన్ను కొట్టడానికి ఆయన చేతికి ఎప్పుడూ మగ్గం కర్రే దొరికేది. ఇవన్నీ నా చేతికి సాకులుగా చెప్పుకోవచ్చు. చాలాకాలం చెప్పుకున్నాను కూడా.

మా పక్క గదిలో బావ ఉండేవాడు. రక్తసంబంధం ఏమీ లేదు. ఊళ్లు దగ్గర, ఇంటిపేర్లు వేరు, వరస కలిపితే అతను బావ అయ్యాడు, అతని భార్య నాకు అక్క అయింది. పరాయి ఊళ్లో వరసలు నీళ్లలా అవసరం, కలుపుకోకపోతే బతకలేం. వరస కలిశాక దాని మర్యాదలూ వస్తాయి. బావకు బామ్మర్దిని ఆటపట్టించే హక్కు ఉంటుంది, పడటం బామ్మర్ది వంతు. బావ ఆ హక్కును ఒక్క రోజు కూడా వదులుకోలేదు. నా ప్యాంటు కాళ్లు రెండూ కలిపి కుట్టేసేవాడు. ఒక హోళీ నాడు నా సైకిల్ గాలి తీసేసి, నేను దాన్ని తోసుకుంటూ పోతుంటే వెనక నుంచి డప్పు కొట్టాడు. అంతకన్నా పెద్ద అలవాటు ఇంకొకటి ఉండేది. ఎక్కడ ఏం తప్పు జరిగినా, ఎవరు చేశారని అడిగితే, చేసినా చెయ్యకపోయినా ‘నేనే’ అనేవాడు. పిల్లి వచ్చి కూర గిన్నెలో మూతి పెడితే, ‘నేనే తిన్న చెల్లే, మీసాలు చూడు’ అని నా భార్యకు మూతి చూపించేవాడు. అందరం నవ్వేవాళ్లం, నేనే అందరికన్నా గట్టిగా నవ్వేవాణ్ణి.

అతను చేసేది వైపని. మగ్గం మీద నిలువు పోగులు చుట్టిన ఒక బీము అయిపోయాక కొత్త బీము ఎక్కిస్తారు. అప్పుడు పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలను ఒక్కొక్కటిగా అతకాలి. వేల పోగులు ఉంటాయి. ముడి వెయ్యరు. బొటనవేలికీ చూపుడువేలికీ బూడిద అద్దుకుని, రెండు కొసలను కలిపి ఒక్క మెలి తిప్పుతారు, అంతే అతుక్కుంటుంది. మెలి వదులైతే మగ్గం తిరగ్గానే ఊడిపోతుంది. బావ మెలి ఊడింది నేను చూడలేదు. కబుర్లు చెబుతూ, పైకి చూస్తూ తిప్పేవాడు. ‘కండ్లతోటి చేసే పని కాదుర బామ్మర్దీ, ఏలి కొసతోటి చేసే పని’ అనేవాడు. కార్ఖానాలో మా అందరికన్నా ఆ రెండు వేళ్లకే గౌరవం ఎక్కువ.

బండి సంగతికి వస్తాను. బార్డోలీలో చక్కెర మిల్లు దగ్గర ఒకాయన అమ్ముతుంటే కొన్నాను. పదేళ్లు దాటిన బండి. ఇంజను బాగుంది, నల్ల రంగు వేసిన అల్లాయ్ చక్రాలు, ట్యూబులెస్ టైర్లు. వెనక టైరు అరిగిపోయి ఉంటే కొత్తది వేయించాను. పుల్లల చక్రాల మీద, ట్యూబు పంక్చర్ల మీద బతికినవాడికి ట్యూబులెస్ అంటే పెద్ద సంబరం. మేకు గుచ్చుకున్నా ఇంటికి చేరతావని అందరూ అన్నారు. నెల తిరక్కుండానే ఒక పొద్దున చూస్తే వెనక టైరు నేలకు అంటుకుపోయి ఉంది.

పంక్చర్ షాపువాడు గాలి నింపి, చక్రం తిప్పుతూ టైరు మీద సబ్బు నీళ్లు చల్లాడు. మేకు లేదు, బుడగ లేదు. ‘కుఛ్ నహీ హై’ అని పంపించేశాడు. మర్నాటి పొద్దున మళ్లీ నేల మీదే. మళ్లీ సబ్బు నీళ్లు, మళ్లీ ఏమీ లేదు. మూడోసారి అతను విసుగు పుట్టి, ‘ఘర్ పే కోయీ హవా నికాల్తా హోగా’ అన్నాడు. ఇంటి దగ్గర ఎవరో గాలి తీస్తున్నట్టున్నారని. అతను నవ్వుతూనే అన్నాడు. నేను మాత్రం ఆ మాటను కడుపులో పెట్టుకుని ఇంటికొచ్చాను.

ఇప్పుడైతే నాకు తెలుసు. పొద్దున నింపిన గాలి సాయంత్రానికి సగం దిగేది. నేను ఒక్కణ్ణే, దూరం రెండు కిలోమీటర్లు, ఒంట్లో పన్నెండు గంటల అలసట, టైరు వంక చూసేదెవరు? మిగతా సగం తెల్లారేలోపు దిగేది. నేను చూసేది పొద్దున మాత్రమే, కాబట్టి గాలి పోయేది రాత్రే అని నాకు నమ్మకం కుదిరింది. రాత్రి పోయిందంటే ఎవడో తీశాడన్నమాట.

ఏడు గంటలకు మగ్గాల దగ్గర ఉండాలి. అయిదు నిమిషాలు దాటితే, పని పంచే మాస్టర్ నా మగ్గాలను ఇంకొకడికి అప్పగిస్తాడు, ఇక ఆ రోజుకు గేటు బయటే. ఆ వారంలో రెండుసార్లు అలా వెనక్కి వచ్చాను. రెండోసారి మాస్టర్‌ని గోడకు నొక్కి పట్టుకుంటే నలుగురు విడిపించారు. ఇంటికొచ్చి నడవలో ఆడుకుంటున్న చివరి గదివాళ్ల పిల్లవాడి చెవి మెలిపెట్టాను, గాలి తీసింది నువ్వేనా అని. వాడు వెక్కి వెక్కి ఏడుస్తుంటే నా భార్య వాణ్ణి నా చేతిలోంచి లాక్కుంది.

“పోరనికి వాల్వు మూత తీసుడొస్తదా? జర దిమాగ్ ఠండా చేస్కో నువ్వు. ఇంకో దుకాణంల చూపియ్” అంది.

“మూడుసార్లు చూపించిన. టైరుల ఏం లేదు. మనుషులల్లనే ఉన్నది” అన్నాను.

మర్నాడు తెల్లవారుజామున పాలవాడు బండి పక్కనుంచి పోతూ కనిపించాడు. ముందు వాడి చెంప పగలగొట్టి తర్వాత అడిగాను. ఆ రోజు నుంచి మా నడవకు పాలు రావడం ఆగిపోయింది, ఆడవాళ్లందరూ నన్ను తిట్టుకున్నారు.

అప్పుడు నేను నా తెలివి చూపించాను. పోలీసైతే ఇంకేదో చేసేవాడు, నేను మగ్గం మనిషిని, నాకు తెలిసిన కాపలా పోగే. కార్ఖానా నుంచి సన్నటి పాలిస్టర్ పోగు ఒకటి తెచ్చాను. వెలుతురుకు అడ్డం పెడితే తప్ప కనిపించదు. చక్రం తిప్పి వాల్వును నేల వైపుకు తెచ్చి, పోగును మూత మీదుగా తీసి, అక్కడే టైరు చుట్టూ బిగించి ముడి వేశాను. మూత ముట్టుకుంటే పోగు తెగాలి. పొద్దున చూస్తే టైరు నేల మీద ఉంది, పోగు తెగి ఉంది. ఇంకో రాత్రి కట్టి చూశాను. మళ్లీ తెగింది.

ఇక నాకు అనుమానం లేదు. మగ్గం దగ్గర పోగు ఊరికే తెగదు. ఎవడో మెలి వదులుగా వేస్తాడు, ఎవడో చెయ్యి తగిలిస్తాడు, ఎవడో బీము సరిగ్గా ఎక్కించడు. తెగిన పోగు వెనక ఒక మనిషి ఉండి తీరతాడని మాకు చిన్నప్పటి నుంచీ నూరిపోశారు. అలాంటి పోగును చీకట్లో కూడా వేలితో పసిగట్టగలవాడు మా నడవలో ఒక్కడే. నాకన్నా ముందు లేచేవాడూ అతనే. అతను గాలి తీయడం నాకు కొత్తా? హోళీ నాటి డప్పు చెవుల్లో మోగింది.

మూడో పొద్దున నేను చక్రం ఊడదీసి గాలి నింపించడానికి షాపుకు మోసుకుపోదామని పెద్ద పానా పట్టుకుని నడవలో కూర్చున్నాను. అంతకుముందే కాలి పంపుతో కాస్త గాలి కొట్టి చూశాను. బావ తన గడప మీద నిలబడి పళ్లు తోముకుంటున్నాడు.

“ఏంది బామ్మర్దీ, మల్ల పండుకున్నదా నీ గుర్రం?” అన్నాడు.

“ఎవడు పండబెడుతుండో తెల్సా బావా?” అన్నాను తల ఎత్తకుండా.

“తెల్వకేంది. నేనే.”

నురగ ఉమ్మేసి, నవ్వుకుంటూ వచ్చి చక్రం ముందు గొంతుక్కూర్చున్నాడు. “గిట్ల మూత తీసిన. గిట్ల ఒత్తిన. చూడు, ఎట్ల పోతుందో” అంటూ బొటనవేలూ చూపుడువేలూ వాల్వు మీద పెట్టి ఒత్తాడు. నేను పొద్దున్నే చెమటోడ్చి కొట్టిన గాలి బుస్సుమని అతని వేళ్ల మధ్య నుంచి పోయింది. అతను తల తిప్పి నా మొహంలోకి చూశాడు, నేనూ నవ్వుతానని.

పానాతో ఆ వేళ్ల మీద కొట్టాను. చూపుడువేలు జారి తప్పించుకుంది. బొటనవేలు పానాకూ రిమ్ముకూ మధ్య ఉండిపోయింది. పచ్చి కర్ర విరిగినట్టు చప్పుడైంది. అది విని కూడా రెండోసారి కొట్టాను. మొదటి దెబ్బ కోపంతో కొట్టానని ఎవరికైనా చెప్పగలను. రెండోది ఎందుకు కొట్టానో ఇప్పటికీ నాకు తెలియదు. గోరు లేచి పక్కకు ఒరిగింది, కింద తెల్లగా ఏదో కనిపించింది, తర్వాత అంతా ఎరుపే. బావ అరవలేదు. ఆ వేలు తనది కాదన్నట్టు దాని వంక చూస్తూ, “రేయ్” అన్నాడు. 

అక్క బయటికి వచ్చింది. ఆ రక్తం చూసి, కాలి చెప్పు తీసి నా మొహం మీద కొట్టడం మొదలుపెట్టింది. చెప్పు తెగిపోతే చేతులతో కొట్టింది. ఈలోపు మగవాళ్లు వచ్చారు. జుట్టు పట్టుకుని రోడ్డు మీదికి ఈడ్చుకుపోయి తన్నారు. నా కనుబొమ చిట్లింది, ఒక పన్ను ఊడింది, డొక్కలో తగిలిన తన్నుకు చాలా రోజులు ఊపిరి సరిగా అందలేదు. నేను చెయ్యి ఎత్తలేదు. మంచితనం వల్ల కాదు. చెయ్యి చచ్చినట్టు వేలాడింది. నా భార్య వచ్చి నా మీద పడి అడ్డుకోకపోతే ఇంకా తన్నేవాళ్లు. ఆమెకూ రెండు దెబ్బలు తగిలాయి.

ఆస్పత్రిలో డాక్టరు ఎలా జరిగిందని అడిగితే బావ ‘మషీన్ మే ఆ గయా’ అన్నాడట. మగ్గంలో పడిందని. అక్క పోలీసుల దగ్గరికి పోదామని గోల పెడితే, వాడి పెళ్లాం ఏం కావాలె అన్నాడట. ఇది నా భార్య ఆస్పత్రికి వెళ్లి వచ్చి చెప్పింది. సాయంత్రం బిల్డింగులో పెద్దమనుషులు కూర్చున్నారు. నన్ను నానా తిట్లూ తిట్టారు. చివర్లో ఒక ముసలాయన అన్నాడు, “వీనిది చేతి దూల, వానిది నోటి దూల. చెయ్యనిది చేసిన అనుడెందుకు?” చాలామంది తలలూపారు. నిజం చెబుతున్నాను, ఆ మాట నాకు దెబ్బల మీద నూనె రాసినట్టు హాయిగా అనిపించింది. తప్పులో సగం అతనికి పోయింది కదా.

అయితే ‘చెయ్యనిది’ అన్న మాట గుచ్చుకుంది. చెయ్యకపోవడమేమిటి, చేశాడు. అది రుజువు చెయ్యాలని పట్టుదల పుట్టింది. బావ ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు, అక్క అక్కడే ఉంది, వాళ్ల గదికి తాళం. టైరు నిండా గాలి కొట్టి, మూత మీదుగా మళ్లీ పోగు కట్టాను. తెల్లారేసరికి టైరు గట్టిగా ఉండాలి, పోగు నిలవాలి. నలుగురినీ పిలిచి చూపించాలి.

పొద్దున చూస్తే టైరు నేలకు కరుచుకుని ఉంది. పోగు తెగి ఉంది.

వంగి చూశాను. మూత దగ్గర పోగు చెక్కుచెదరలేదు. తెగింది కింద, గాలి దిగిన టైరు పక్కలకు ఉబ్బిన చోట. ఉబ్బిన రబ్బరే దాన్ని తెంపింది. మొదటి రెండు రోజులూ తెగిన కొసలు ఎక్కడ ఉన్నాయో నేను చూడలేదు. తెగిందా లేదా అన్నదే చూశాను.  బండిని ఒక్క తోపు తోస్తే పడింది. అద్దం పగిలేదాకా తన్నాను, పగిలాక కూడా తన్నాను. బిల్డింగులో ఒక్కరూ బయటికి రాలేదు.

చక్రం ఊడదీసి, భుజాన వేసుకుని, ఆటో ఎక్కి సలాబత్‌పురా పోయాను. అక్కడ బట్టల మూటలు దించే సందు చివర పాత చక్రాలు మాత్రమే చూసే ఒక గుజరాతీ పెద్దాయన ఉన్నాడని విన్నాను. ఆయన నా పగిలిన మొహం చూసి, చక్రం అందుకున్నాడు. గాలి కొట్టి, చక్రం మొత్తాన్ని నీళ్ల తొట్టిలో ముంచాడు. టైరు మీద ఒక్క బుడగ లేదు. రిమ్ము అంచు వెంట, టైరు రిమ్ముకు ఆనే చోట, రెండు వైపులా చుట్టూతా సన్నటి బుడగలు లేచాయి, అన్నం ఉడకబోయే ముందు ఎసట్లో లేచినట్టు.

“టైర్ అచ్ఛా హై భాయ్. రిమ్ సడ్ గయా” అన్నాడు. టైరు మంచిదే, కుళ్లింది రిమ్ము. “పంక్చర్‌వాలా టైర్ దేఖ్తా హై, రిమ్ కౌన్ దేఖే?” పంక్చర్‌వాడు చూసేది టైరునే, రిమ్మును చూసేదెవరని.

వాల్వులోని పిన్ను తీసి గాలి పూర్తిగా వదిలాడు. టైరు అంచు మీద మడమతో బలంగా తొక్కితే అది రిమ్మును వదిలి లోపలికి జారింది. రెండు ఇనుప పట్టీలు దూర్చి టైరును ఊడబెరికాడు. నేను వంగి లోపల చూశాను. బయట నల్లగా నిగనిగలాడే రిమ్ము లోపలి అంచు మీద రంగు పొక్కులు పొక్కులుగా లేచి ఉంది. పొక్కుల కింద సున్నం లాంటి తెల్లటి పొడి. ట్యూబు ఉంటే గాలి ట్యూబులో ఉంటుంది, ఇందులో ట్యూబు లేదు, ఈ అంచు నున్నగా ఉండి టైరు దానికి గట్టిగా ఆనితేనే గాలి నిలిచేది, పాత అల్లాయ్ చక్రాలన్నిటికీ ఈ రోగం వస్తుంది, ఇది కొత్తగా వచ్చింది కాదు, ఏళ్లుగా తింటోంది అని ఆయన హిందీలో నెమ్మదిగా చెప్పాడు. తర్వాత వాల్వు పక్కన ఎండిన మరక మీద గోటితో గీకి, ఇదేం తుప్పు అని అడిగాడు. ఖూన్ అన్నాను. ఆయన పెట్రోలు గుడ్డతో దాన్ని తుడిచేసి, ఆ గుడ్డను అవతల పారేశాడు.

తీగ బ్రష్షు నాకివ్వమని అడిగి తీసుకున్నాను. ఆ తెల్లపొడిని కొట్టినట్టే రుద్దాను. పళ్లు బిగించి, బూతులు తిట్టుకుంటూ, వేళ్ల కణుపులు రిమ్ముకు కోసుకుపోతున్నా రుద్దాను. ఆయన నా మణికట్టు మీద ఒక్కటి వేశాడు.

“ఆరామ్ సే! దుష్మన్ నహీ హై యే.” మెల్లగా రుద్దు, ఇది శత్రువు కాదు, గీతలు పడితే మళ్లీ అందులోంచే గాలి పోతుందని.

ఆ తర్వాత గరుకు కాగితం ఇచ్చాడు. పొక్కులన్నీ పోయి, గోరు పెట్టి లాగితే ఎక్కడా తట్టుకోనంత నున్నగా అయ్యేదాకా రుద్దించాడు. తుడిచి, నల్లటి రబ్బరు మందు పల్చగా రెండు అంచులకూ పూసి ఆరనిచ్చాడు. పాత వాల్వు రబ్బరు ఎండిపోయిందని కోసేసి కొత్తది దిగలాగాడు. టైరు అంచులకు సబ్బు నురగ రాసి ఎక్కించి, కంప్రెసర్ గొట్టం తగిలించాడు. టైరు ఉబ్బుతూ రిమ్ము అంచు వైపు జరుగుతోంది. ఇంకో క్షణంలో అది దెబ్బ కొట్టినట్టు అంచులోకి దూకుతుంది. మధ్యలో వేలు ఉంటే ఎముక మిగలదని ఆయన ముందే చెప్పాడు. నా కుడి బొటనవేలు ఆ సందు పక్కనే ఉంది. తీయాలనిపించలేదు. ఇంకొంచెం లోపలికి జరపాలనిపించింది, జరిపాను కూడా.

ఆయన గొట్టం వదిలేసి నా చెయ్యి లాగి, చెంప మీద చాచి కొట్టాడు. “మర్నా హై తో బాహర్ జాకే మర్!” అని అరిచాడు. చావాలంటే బయటికి పోయి చావమని. చుట్టుపక్కల మూటలు మోసేవాళ్లు ఆగి చూశారు. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. నా వెనక టైరు రెండుసార్లు ఢాం, ఢాం అని అంచులోకి కూర్చుంది. తొట్టిలో ముంచితే ఒక్క బుడగ రాలేదు.

ఆ చక్రం తర్వాత ఒక్క పొద్దున కూడా మెత్తబడలేదు. గట్టిగా, నిండుగా నిలబడేది. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. ముందే ఇలా నిలబడి ఉంటే ఏం పోయింది నీకు అని ఒకటి తన్ని, ఎక్కి పనికి పోయేవాణ్ణి.

బావ కట్టు విప్పారు. బొటనవేలు సగమే వంగుతుంది. కొసన స్పర్శ లేదు, నిప్పు తగిలినా తెలియదట. కార్ఖానాకు వచ్చి ఒక బీము మీద కూర్చున్నాడు. నేను నా మగ్గాల మధ్య నుంచి చూస్తూనే ఉన్నాను. బూడిద అద్దుకున్నాడు, రెండు కొసలు కలిపాడు, తిప్పాడు. పోగు జారింది. మళ్లీ తిప్పాడు. పైకి చూస్తూ కాదు, కళ్లు చిట్లించి, మొహం పోగులకు ఆనించి తిప్పాడు. మధ్యాహ్నం దాకా అతికినవి మగ్గం తిప్పగానే పొలోమని ఊడిపోయాయి. మాస్టర్ అతన్ని లేపి మరొకర్ని కూర్చోబెట్టాడు. తర్వాత కార్ఖానాలోనే నేల మీది దూది ఊడ్చే పని ఇచ్చారు. నా మగ్గాల కింద కూడా అతనే ఊడ్చేవాడు. చీపురు నా కాళ్ల దగ్గరికి వస్తే నేను పక్కకు తప్పుకునేవాణ్ణి. 

గోడ అవతల నుంచి అక్క రోజూ తిట్టేది. నన్ను కాదు, అతన్ని. “నీ నోరే నీ ఏలు తిన్నది. కాదు అంటే అయిపోవునా? నేనే, నేనే అనుకుంట నా నెత్తి మీదికి తెచ్చినవు.”  ఒకసారి నడవలో ఎవరిదో బకెట్ పడి నీళ్లు ఒలికాయి. ఎవర్రా అని ఎవరో మామూలుగా అరిచారు. బావ గదిలోంచి కంగారుగా బయటికి వచ్చి, “నేను కాదు, నేను కాదు” అన్నాడు. ఆ గొంతు విన్నాక నేను తిన్న అన్నం వాంతి చేసుకున్నాను.

సెలవు రోజు మధ్యాహ్నం వాళ్ల గదికి పోయాను. అక్క నన్ను చూసి, చేతిలో ఉన్న గరిటె ఎత్తింది. కొట్టమని నిలబడ్డాను. బావ ఆమెను ఆపాడు. కూర్చోమని మాత్రం అనలేదు. నేను నేల మీద కూర్చుని అంతా చెప్పాను. గాలి ఎవరూ తీయలేదని, రిమ్ము అంచు కుళ్లిందని, పోగును టైరే తెంపిందని. అతను ఆస్పత్రిలో ఉన్న రాత్రి కూడా తెగిందని. ఎలా రుద్దానో, ఏ మందు పూశారో, అడగనివి కూడా చెప్పుకుంటూ పోయాను. అతను చివరిదాకా విన్నాడు. ఎడమచేత్తో కుడి బొటనవేలిని నొక్కుకుంటూ ఉన్నాడు.

“ఒక్కటి అడుగుత. సక్కగ చెప్పు” అన్నాడు. “ఆ దినం నేను కాదు అంటే, కొట్టకపోదువా?”

జవాబు నా నాలుక మీద సిద్ధంగానే ఉంది. కాదంటే ఎందుకు కొడతాను బావా, నువ్వు అవునన్నావు కాబట్టే. బిల్డింగు మొత్తం నాకు అందించిన మాట అది. ఇన్నాళ్లూ నేను దాని మీదే పడుకున్నాను, దాని మీదే లేచాను. అక్క గరిటె పట్టుకుని నా నోటి వంక చూస్తోంది. ఆమె కూడా అదే మాట కోసం ఎదురుచూస్తోందని నాకు అర్థమైంది. ఆ పొద్దున నడవలో కూర్చున్న నన్ను గుర్తు చేసుకున్నాను. చేతిలో పానా, కళ్ల ముందు తెగిన పోగు. అతను పళ్లు తోముకుంటూ గడప మీదికి రాకముందే నా చెయ్యి నిర్ణయం చేసేసుకుంది.

“కొట్టేటోన్నే బావా” అన్నాను. “నువ్వు కాదన్నా కొట్టేటోన్నే. అబద్ధమాడుతున్నవని ఇంక గట్టిగ కొడుదును.”

బావ బొటనవేలిని నొక్కుకోవడం ఆపాడు. ఆ తర్వాత భార్య వైపు తిరిగాడు.

“ఇన్నవానే? నా నోరు కాదట” అన్నాడు. అలా అంటూనే ఏడ్చాడు. వేలు చితికిన నాడు ఏడవని మనిషి, పని పోయిన నాడు ఏడవని మనిషి, గొంతు పగిలేలా, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. అక్క గరిటె పక్కన పడేసి, అతని తల తన కడుపుకు అదుముకుంది. నా వంక చూడకుండానే, “లేచి పో” అంది. “మల్ల మా గడప తొక్కకు. అక్కా అని పిలవకు.”

నేను బయటికి వచ్చాక తలుపు వేసుకున్నారు. మా గదికి పోయి గోడకు వీపు ఆనించి కూర్చున్నాను. ఆ సాయంత్రం అవతల నుంచి ఆమె అతన్ని తిట్టలేదు.